నిర్ణయానికి ముందు సందేహం



ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, డిగ్రీ తరువాత ఉద్యోగమా, పైచదువా? ఇలాంటి ప్రశ్నలు ఎదురైనప్పుడు మీరు 'నిర్ణయం' అనే మాట వాడతారు. ఈ మాటకు చాలా పాత చరిత్ర ఉంది. గౌతముడి పేరుతో ప్రసిద్ధమైన న్యాయసూత్రాలు సుమారు 1800 ఏళ్ల క్రితం రూపుదిద్దుకున్నాయని పలువురు పండితుల అంచనా. అవి తెలుసుకోవలసిన విషయాలను 16గా విభజించాయి. వాటిలో సంశయం మూడవది, నిర్ణయం తొమ్మిదవది. ఆ శాస్త్రకారులు సందేహాన్ని బలహీనతగా చూడలేదు. విచారణ అక్కడే మొదలవుతుందన్నారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మునిమాపువేళ దూరంగా నిలువుగా ఏదో కనిపిస్తోంది. మనిషా, మోడా? ఎత్తు రెండింటికీ ఉంటుంది, అందుకే సందేహం పుట్టింది. అది తీరాలంటే ఒకదానికి మాత్రమే ఉండే గుర్తు కనబడాలి: కాళ్లూ చేతులూ, లేదా చెట్టుతొర్ర. సందేహం కలిగిన చోట అనుకూల, ప్రతికూల పక్షాలు రెండింటినీ తూచి విషయాన్ని తేల్చుకోవడమే నిర్ణయమని సూత్రం చెబుతుంది.

రెండింటినీ తూచడం అంత తేలిక కాదు. లఘులోలకంతో గురుత్వ త్వరణం కొలిచే ప్రయోగం మీరు చేసే ఉంటారు. విలువ 900 వస్తే దారం పొడవు మళ్లీ కొలుస్తాం, డోలనాలు మళ్లీ లెక్కపెడతాం. 980 వస్తే వెంటనే రికార్డులో రాసేస్తాం. అందులోనూ రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చి ఉండవచ్చు కదా! నచ్చని ఫలితం మీదే మనకు సందేహం వస్తుంది. విద్యార్థిగా నేనూ అదే చేశాను.

తర్కశాస్త్రంలో 'అనుమానం' అంటే శంక కాదు. తెలిసిన గుర్తు నుంచి తెలియనిదాన్ని రాబట్టడం. కొండమీద పొగ ఉంది కనుక నిప్పు ఉంది. మరి దీన్ని తిరగేసి, నిప్పు ఉంది కనుక పొగ ఉంది అనవచ్చా? ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కూడా తోడు కావాలి. ఇలా చాటున ఉండిపోయే షరతును 'ఉపాధి' అన్నారు. ఈ మాటకు ఇప్పుడు మనం వాడే అర్థం వేరనుకోండి! 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ ఉదాహరణనే వివరించాడు. ఆ చిన్న పుస్తకం నేటికీ తర్కానికి తొలి వాచకం. ఫలానా కోచింగ్ సెంటర్‌లో చేరినవాళ్లకు ర్యాంకులు వచ్చాయి కనుక నాకూ వస్తుందని ఎవరైనా అంటే, అక్కడ తడికట్టె ఏమిటో వెతకండి. ముందే బాగా చదివేవాళ్లను ఏరి చేర్చుకున్నారేమో!

ఇక చర్చల సంగతి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలపకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకుంటే అది వితండం. మన ఇళ్లలో రోజూ వినిపించే 'వితండవాదం' అక్కడినుంచే వచ్చింది. మొలకకు ముళ్లకంప కట్టినట్టు, సత్యాన్ని కాపాడుకోవడానికి జల్ప వితండాలనూ వాడుకోవచ్చని న్యాయసూత్రాలు ఒప్పుకుంటాయి. ఈ వెసులుబాటు నాకు అంతగా రుచించదు. తన చేతిలో ఉన్నదే మొలక అని ప్రతివాడూ అనుకుంటాడు. పైగా ఒకే మాట ఒకరి నోట వాదం, మరొకరి నోట జల్పం కావచ్చు. తేడా ఉద్దేశంలో ఉంది. మన ఉద్దేశం బయటివాళ్లకు కనిపించదు, చాలాసార్లు మనకే కనిపించదు.

వాదం ఎవరితో చేయాలో కూడా న్యాయసూత్రాలు చెప్పాయి. శిష్యుడు, గురువు, సహాధ్యాయి, ఇంకా అసూయ లేని ఇతరులు. తెలుసుకోవాలనే కోరిక ఉన్నవాడు తన పక్షాన్ని నిలబెట్టుకునే ప్రయత్నం మానేసి, ఎదుటివారి మాటలతో తన అభిప్రాయాన్ని సరిచేసుకోవచ్చని కూడా అన్నాయి.