వాటం లేని కాలు

1950ల నడిమి రోజులు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ట్యాంక్‌బండ్ మీద ఎదురుగాలి. మీ ముందు అద్దె సైకిల్ తొక్కుతున్న సన్నటి కుర్రవాడు తులసీదాస్ బలరాం, అమ్ముగూడ నుంచి వస్తున్నాడు. హైదరాబాద్ దాకా రోజూ రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకని రూపాయి చేతిలో పెట్టింది కోచ్ రహీం సాబ్. బూట్లు లేకపోతే చినిగిన పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర కుట్టించుకున్నాడు బలరాం.

మైదానం చేరారు. సయ్యద్ అబ్దుల్ రహీం మీకంటే ముందే వచ్చి ఉన్నారు. బడిపంతులుగా పనిచేసిన మనిషి, 1943 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. ఈరోజు మ్యాచ్‌కి ఒకటే నియమం: వాటమైన కాలితో బంతిని తాకకూడదు.

మీరూ దిగండి. కుడికాలు దానంతటదే ముందుకొస్తుంది. ఆపుకోండి. ఎడమకాలితో తన్నిన బంతి వంకరగా పోయి గీత దాటుతుంది. పక్కనున్నది బొంబాయిలో రోవర్స్ కప్పు ఎత్తిన ఆటగాడు. ఆయన బంతి కూడా అలాగే పోతోంది. ఎవరూ నవ్వరు, ఎవరూ విసుక్కోరు. ఆ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచిన జట్టు ఇది! అయినా పొద్దున్నే చేతకాని పనితోనే మొదలుపెడుతుంది. బంతిని వాటమైన కాలి మీదికి తెచ్చుకోవడానికి ఒళ్లు తిప్పేలోపు ఎదుటి డిఫెండర్ వచ్చేస్తాడు. ఆ క్షణాన్ని మిగుల్చుకోవడానికే ఈ పాట్లన్నీ.

తర్వాతి మ్యాచ్‌లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి రాకముందే అది ఎవరికి అందించాలో చూసి పెట్టుకోవాలి. మీ కళ్లు కాళ్ల దగ్గరే ఉండిపోతే దొరికిపోతారు.

ఆటకి జీతాలిచ్చే రోజులు కావవి. ఉద్యోగం పోలీసుశాఖలో, క్రమశిక్షణ మాత్రం నిఖార్సయిన వృత్తి ఆటగాళ్లది. మా ఊరు నారాయణఖేడ్ కూడా అప్పుడు ఇదే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఇక్కడ బడి మైదానంలో బంతి వెంట పరిగెత్తే పిల్లలకి ఈ ఒక్క పొద్దు చూపించగలిగితే ఎంత బాగుండును!

ఇప్పుడు 1962 సెప్టెంబర్ 4, జకార్తా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. భారత జట్టుకి కోచ్ రహీం సాబే. చుట్టూ సుమారు లక్షమంది, భారత్‌కి వ్యతిరేకంగా అరుస్తున్నారు. ప్రత్యర్థి దక్షిణ కొరియా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2–0తో ఓడించిన జట్టు. రహీం సాబ్‌ని లోపల క్యాన్సర్ తినేస్తోంది. మైదానంలో బలరాం ఉన్నాడు, హైదరాబాద్ పోలీసు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయి, అయినా పక్కన కూర్చోనన్నాడు. రహీం అతన్ని ముందు వరసలో నిలబెట్టారు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ గోల్. మూడు నిమిషాలకి జర్నైల్ గోల్. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2–1తో స్వర్ణం మనది.