మున్సిపల్ బాండ్లు (భారతదేశం)

మంచినీరు, మురుగునీటి పారుదల, రోడ్ల వంటి పనుల కోసం నగరపాలక సంస్థలు మదుపరుల నుంచి రుణం తీసుకుని, బదులుగా జారీ చేసే పత్రాలను మున్సిపల్ బాండ్లంటారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. బాధ్యతలు పెరిగినంతగా వాటి ఆదాయం పెరగలేదు. ఆస్తిపన్ను, నీటి చార్జీలు చాలక ఇప్పటికీ చాలా మున్సిపాలిటీలు గ్రాంట్ల కోసం ఎదురుచూస్తుంటాయి.

బెంగళూరు 1997లో రాష్ట్ర ప్రభుత్వ హామీతో బాండ్లు జారీ చేసింది. మరుసటి ఏడాది అహ్మదాబాద్ ప్రభుత్వ హామీ లేకుండానే 100 కోట్ల రూపాయలు సేకరించింది. ముందుగా పన్ను వసూళ్లను చక్కదిద్దుకుని, ఆక్ట్రాయ్ (నగరంలోకి వచ్చే సరుకులపై పన్ను) ఆదాయంలో కొంత వాయిదాల చెల్లింపుకే ప్రత్యేక ఖాతాలో జమ చేయడంతో మదుపరులకు నమ్మకం కుదిరింది. 2015లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఈ బాండ్లకు నిబంధనలు రూపొందించింది. 2018లో హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు సమీకరించి, ఫ్లైఓవర్ల వంటి రోడ్ల పనులకు మళ్లించింది. వాహనం లేనివాడు కట్టే పన్ను కూడా ఆ వడ్డీలోకి వెళ్తుంది. కాబట్టి ఏ పనికి అప్పు చేస్తున్నారన్నది వడ్డీ రేటుకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇండోర్ 2023లో ఎంచుకున్న పని ఇంతకన్నా మేలైనది. ఆ నగరానికి నర్మదా నీటిని జలూద్ అనే ఊరి నుంచి పంపులతో ఎత్తిపోయాలి. కరెంటు బిల్లే పెద్ద భారం. అక్కడ 60 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం కోసం 244 కోట్ల హరిత బాండ్లను జారీ చేసి, మామూలు పౌరులకూ కొనే వీలు కల్పించింది.

మరి చిన్న పట్టణాల మాటేమిటి? విడిగా వెళ్తే వాటికి మార్కెట్లో అప్పు పుట్టడం కష్టం. తమిళనాడు 2002లో 13 పట్టణ స్థానిక సంస్థల నీటి, పారిశుద్ధ్య పథకాల రుణాలను ఒకచోట చేర్చి 30.41 కోట్ల ఉమ్మడి బాండు జారీ చేయించింది. ఏ పట్టణమైనా వాయిదా తప్పితే దానికి రావలసిన రాష్ట్ర నిధుల నుంచి ఆ మొత్తాన్ని మినహాయించే ఏర్పాటు చేసింది. అసలులో సగానికి అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ హామీ పడింది. పెద్ద నగరాల బాండ్లకు దక్కిన ప్రచారం దీనికి దక్కలేదు గానీ, ప్రభుత్వం అండగా నిలవాల్సింది సరిగ్గా ఇక్కడే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న మున్సిపాలిటీలకు అనువైన దారి కూడా ఇదే.