ఈజిప్టు దేశమున రొట్టె వెల

ప్రజల యాకలి దీర్చుట రాజధర్మములలో మొదటిదని మన పెద్దలు చెప్పియున్నారు. ఆ ధర్మమును నెరవేర్చు విధమేది? రాజశాసనముచేత వెల తగ్గించిన చాలునా? తగ్గించిన వెల యెవరి సంచినుండి వచ్చును, ఎవరి చేతికి పోవును? ఈ ప్రశ్నలకు శాస్త్రగ్రంథములకంటె ఒక దేశముయొక్క అనుభవమే చక్కని సమాధానము చెప్పగలదు. అట్టి అనుభవము ఈజిప్టు దేశమునకు మెండుగా గలదు. ఎనుబది సంవత్సరములుగా ఆ దేశప్రభుత్వము గోధుమను కొని, పిండి పట్టించి, రొట్టెను కారుచౌకగా ప్రజలకు అందించుచు వచ్చినది. ఆ రొట్టె కథయందు దయ గలదు, దొంగతనము గలదు, రక్తపాతమును గలదు. మనము నేర్చుకొనదగిన నీతియు గలదు.

ఈజిప్టును మన ప్రాతపుస్తకములలో ఐగుప్తని వ్రాసిరి. నైలునది యేటేట తెచ్చి పోసిన ఒండుమట్టివలన ఆ దేశము పూర్వము పరదేశములకు ధాన్యపుకొట్టుగా నుండెను. రోమాచక్రవర్తుల కాలమున రోమునగర ప్రజలకు పంచిన ధాన్యములో పెద్దభాగము అలెగ్జాండ్రియా రేవునుండి ఓడలమీద పోయెడిది. పండిన యేడేండ్లలో నిలువచేసి, కరవు వచ్చిన యేడేండ్లలో పంచిన యోసేపు కథ బైబిలునందును ఖురానునందును గూడ గలదు. అట్టి దేశమే మన కాలమున గోధుమను అత్యధికముగా దిగుమతి చేసికొను దేశములలో మొదటి వరుసకు వచ్చినది. 1950లో సుమారు రెండుకోట్లుగా నున్న జనసంఖ్య 2020 నాటికి పదికోట్లకు చేరినది. సాగునకు వచ్చు నేల నూటికి నాలుగు పాళ్లు మాత్రమే, తక్కినది ఎడారి. ఐనను జనసంఖ్య యొక్కటే కారణమని చెప్పినచో సగము సత్యమే చెప్పినట్లగును. రెండవ సగము ప్రభుత్వము చేసిన పనులలో నున్నది.

తక్కిన అరబ్బులు రొట్టెను ‘ఖుబ్జ్’ అందురు. ఈజిప్టువారు మాత్రము ‘ఐష్’ అందురు. ఆ మాటకు బ్రదుకని యర్థము. మన యింట అన్నమన్న మాట కెంత బరువు గలదో వారి యింట ఈ మాట కంత బరువు గలదు. పొట్టు పూర్తిగా తీయని పిండితో చేసిన గుండ్రని రొట్టెను ‘ఐష్ బలదీ’, అనగా నాటురొట్టె యందురు. ఉడికించిన చిక్కుడుగింజలతో ఆ రొట్టెను తినుట బీదల నిత్యాహారము. కావున రొట్టె వెల పెంచుట యన బ్రదుకు వెల పెంచుటయే యని వారి చెవికి వినబడును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు సైన్యములు ఆ దేశమున విడిసియుండగా ఓడల రాక తగ్గి, తిండిగింజల ధరలు మండిపోయెను. 1942 ఆరంభమున కైరోలో రొట్టె దొరకక జనులు వీథులకెక్కిరి. పంటను సేకరించుట, ధరలను కట్టడిచేయుట, చౌకగా పంచుట అను పనులు ఆ యుద్ధమునాడే మొదలయ్యెను. అవి తాత్కాలికములని తలంచిరి. యుద్ధము ముగిసినను అవి ముగియలేదు. 1952లో సైనికాధికారులు రాజును తొలగించి ప్రభుత్వము నెలకొల్పిన పిమ్మట, నాసరు కాలమున ఈ యేర్పాటులు మరింత విస్తరించెను. చౌకరొట్టె దానముగాక హక్కు అయ్యెను. ప్రజలకు వోటుద్వారా పాలకులను మార్చు స్వేచ్ఛ లేదు. దానికి బదులుగా రొట్టెయు, ఉద్యోగమును, చదువును ప్రభుత్వ మిచ్చును. వ్రాతలేని యీ యొడంబడిక మీదనే ఆ రాజ్యము నిలిచినది.

ఈ యొడంబడికలో మూడవవాడొకడు గలడు. అతడు గోధుమ పండించు రైతు. అతనిని ఎవరును సంప్రదింపలేదు. పట్టణములో రొట్టె చౌకగా నుండవలెనన్న పల్లెలో గోధుమ చౌకగా కొనవలెను గదా! సహకారసంఘముల మూలమున ఏ పొలమున ఏ పంట వేయవలెనో అధికారులే నిర్ణయించిరి. పండినదానిలో కొంతభాగమును ప్రభుత్వము కట్టిన వెలకే అప్పగింపవలసి వచ్చెను. మాంసము వెలకు మాత్రము అంత కట్టడి లేదు. లెక్క తెలిసిన రైతు ఏమి చేయును? వీలైనంతమేర గోధుమ తగ్గించి, పశువులకు మేతయగు బర్సీము వేసెను. గోధుమగింజకంటె గోధుమగడ్డికే మంచి వెల పలికిన దినములును గలవు. పేదకు రొట్టె నిచ్చుటకు పెట్టిన కట్టడి, రొట్టెకు మూలమైన పంటనే పొలమునుండి వెడలగొట్టినది. ఆ లోటును పరదేశపు గోధుమ నింపెను. 1960ల తొలిభాగమున అమెరికా తన మిగులు గోధుమను సులభమైన షరతులమీద పంపెను. రాజకీయములు చెడగా 1966 తరువాత అది నిలిచిపోయెను. పరుల చేతి కవళము పరుల చిత్తము ననుసరించి వచ్చుననుట అప్పుడు తేటపడినది.

1973–74లో ప్రపంచమున గోధుమ వెల ఒక్కసారిగా పెరిగెను. రొట్టె వెల మాత్రము కదలలేదు. రెంటి నడుమ గల అగాధమును ఖజానా పూడ్చవలసి వచ్చెను. 1970–71లో ప్రభుత్వపు మొత్తము ఖర్చులో నూటికొక పాలుగూడ లేని ఆహారపు రాయితీ 1980–81 నాటికి నూటికి పదునాలుగు పాళ్లయ్యెను. అప్పు లిచ్చిన అంతర్జాతీయ ద్రవ్యనిధివారు ఖర్చు తగ్గింపుమని యొత్తిడి చేయగా, 1977 జనవరి 17వ తేదీన పిండి, బియ్యము, పంచదార, తేయాకు, వంటగ్యాసు మున్నగువాని వెలలు పెంచుచున్నామని మంత్రులు ప్రకటించిరి. ముందు ఒక మాట లేదు, వివరణ లేదు. మరునాడు ఉదయమే అలెగ్జాండ్రియానుండి అస్వానువరకు జనులు లేచిరి. రెండుదినములు పట్టణములు మండెను. సైన్యము దిగెను. డెబ్బదిమందికి పైగా మరణించిరి; వందలకొలది గాయపడిరి. అధ్యక్షుడు సాదాతు ఆ లేచినవారిని దొంగలని నిందించెను గాని, పెంచిన వెలలను వెంటనే రద్దు చేసెను. దొంగలకు భయపడి శాసనమును వెనుకకు తీసికొన్న ప్రభువు ఎక్కడనైన గలడా? అది ఆకలి యని ఆయనకును తెలియును.

ఈ దెబ్బతో పాలకులొక పాఠము నేర్చిరి. కాని అది నేర్వదగిన పాఠము కాదు. వెల పెంచుట ప్రమాదకరము గాన, ఎవరికిని తెలియకుండ పెంచవలెనని వారు నిశ్చయించిరి. ఒక పియాస్త్రు వెలగల రొట్టెను తీసివేయకుండ, దాని ప్రక్కనే కొంత మెరుగైన రెండు పియాస్త్రుల రొట్టెను 1984లో ప్రవేశపెట్టిరి. చౌకరొట్టె క్రమముగా అంగళ్లలో కనబడకపోయెను. 1989లో వెల ఐదు పియాస్త్రులయ్యెను. ఆపైని ముప్పదియైదేండ్లు ఆ అంకె కదలలేదు. రొట్టె మాత్రము చిక్కుచు వచ్చెను. మొదట నూటయరువది గ్రాములున్న రొట్టె 130 గ్రాములకును, పిమ్మట 110 గ్రాములకును, 2020లో 90 గ్రాములకును దిగినది. వెల మారలేదని ప్రకటన. తల్లి పంచునప్పుడు మాత్రము బిడ్డలకు చాలదు. తూకములో చేసిన ఈ కోతను పన్ను అనక మరేమందుము? చెప్పి వేసిన పన్నుకంటె చెప్పక వేసిన పన్ను నీచమైనది.

ఐతే యీ కాలముననే వివేకమైన పని యొకటియు జరిగినది. తెల్లని మెత్తని పిండితో చేసిన రొట్టెలకు, అనగా కలిగినవారు మెచ్చు రకములకు, ఇచ్చుచుండిన రాయితీని 1992లోను 1996లోను క్రమముగా తీసివేసిరి. నాటురొట్టె నొక్కదానినే నిలిపిరి. ముతకరొట్టెను కోరివచ్చువాడు ప్రాయికముగా బీదవాడే యగుటచేత, ధనికుని ఏరివేయుటకు వేరే అధికారి యక్కర లేకపోయెను.

మరి దొంగతనము మాట యేమి? ప్రభుత్వము రాయితీని రొట్టెకు గాక పిండికి ఇచ్చుచుండెను. రొట్టెలు కాల్చువానికి చౌకపిండి బస్తాలు చేరెడివి. ఆ బస్తాను కాల్చి రొట్టెగా నమ్ముటకంటె, కాల్చకయే చాటుగా నమ్మిన లాభమెక్కువ. ఇంత ప్రలోభము నెదుట నుంచి, ధర్మముగా నుండుమని చెప్పుట నిప్పుప్రక్కన నేయి పెట్టి కరుగవద్దనుట వంటిది. ఇటు రొట్టె పశువుల దాణాకంటె చౌక యగుటచేత కోళ్లకును గొడ్లకును పెట్టిరి. మిగిలినది బీదలకు. ఆ మిగిలినదానికై స్త్రీలు తెల్లవారకమునుపే వరుసలలో నిలిచెడివారు. ఐదు పియాస్త్రులే వెల యని ప్రభుత్వపు లెక్క. ఆ గృహిణి వరుసలో పోగొట్టుకొన్న గంటలను ఏ లెక్కలోను వ్రాయలేదు. 2008లో ప్రపంచపు ధరలు మరల పెరుగగా ఆ వరుసలలో తోపులాటలు జరిగి ప్రాణములుగూడ పోయెను; సైన్యముచేత రొట్టెలు కాల్పింపవలసిన స్థితి వచ్చెను. మూడేండ్లకు, 2011లో, ప్రజలు కైరో వీథులలో నిలిచి కేకలు వేసినప్పుడు వారి కోరికలలో మొదటి మాట రొట్టె. తరువాతివి స్వాతంత్ర్యము, సాంఘికన్యాయము.

2014లో పోర్టుసయీదు పట్టణమున మొదలుపెట్టి దేశమంతట వ్యాపింపజేసిన సంస్కరణ ఈ చరిత్రయందెల్ల మెచ్చదగినది. దానియందలి మర్మము సులభము. రొట్టెలు కాల్చువాడు పిండిని బజారు వెలకే కొనవలెను. మనిషికి దినమున కైదు రొట్టెల చొప్పున కుటుంబమునకు కార్డు నిచ్చిరి. రొట్టె అమ్ముడుపోయి కార్డులో నమోదైన పిమ్మటనే ప్రభుత్వము తక్కువైన సొమ్మును కొట్టువానికి చెల్లించును. కుటుంబమువారు తీసికొనని రొట్టెలకు బదులుగా ఇతర సరకులు పొందవచ్చును. రాయితీ దారి మొదటనుండి దారి చివరకు, బస్తానుండి చేతికి, మారినది. వరుసలు తగ్గినవి. తినువాని రొట్టెను ముట్టక కన్నమును పూడ్చిన సంస్కరణ గావున ఎవరును మండిపడలేదు.

కాని కన్నము ఒకచోట పూడిన మరియొకచోట తెరచుకొనును. రైతును నిర్బంధించు పద్ధతిని 1980ల చివర సడలించినందున మేలు కలిగినది: 1980లో పదునెనిమిదిలక్షల టన్నుల ప్రాంతముననున్న గోధుమపంట 1990 నాటికి నలుబదిలక్షలు దాటెను. పిమ్మట ప్రభుత్వము స్వదేశపు గోధుమకు ప్రపంచపు వెలకంటె నెక్కువ ఇచ్చిన సంవత్సరములు వచ్చెను. అప్పుడు రైతు పేరిట దళారులు చేరిరి. పరదేశపు గోధుమ స్వదేశపుదిగా మారెను. కొట్లలో లేని గోధుమ కాగితములమీద నిండెను. 2016లో పార్లమెంటు సభ్యులు కొట్లను తనిఖీచేసి ఈ మోసమును బయటపెట్టగా, సరఫరాలమంత్రి ఖాలెద్ హనఫీ రాజీనామా ఇచ్చెను. రొట్టె కార్డును నడిపించిన మంత్రియు ఆయనయే.

2022లో రష్యా యుక్రెయినుపై దండెత్తినప్పుడు ఈజిప్టు దిగుమతులలో నూటికి ఎనుబదిపాళ్లు ఆ రెండు దేశములవే యగుటచేత కష్టము మరల వచ్చెను. ఆ యేటి మే 13న మన దేశము గోధుమ యెగుమతిని నిషేధించినను, కాండ్లా రేవున ఈజిప్టు కొరకు ఓడకెక్కుచుండిన అరువదియొక్కవేల యైదువందల టన్నులకు అనుమతి నిచ్చినది. తుదకు 2024 జూను 1న రొట్టె వెల ఐదునుండి యిరువది పియాస్త్రులయ్యెను. రొట్టె కొక్కింటికి తమకు నూటయిరువదియైదు పియాస్త్రులు పడుచున్నవని ప్రధానమంత్రి ముందుగా బహిరంగముగా చెప్పెను. 1977 నాటి మంటలు లేవలేదు. భయమును అందుకు కారణము కావచ్చును. రూకల విలువ పడిపోయి ఐదు పియాస్త్రులు పేరునకు మాత్రమే మిగులుటయు కారణము కావచ్చును. ఐనను లెక్క చెప్పి పెంచిన వెలకును, రాత్రికి రాత్రి విధించిన వెలకును భేదము గలదు.

రాయితీయే తప్పని వాదించువారు ఈ కథనుండి తమకు బలము తెచ్చుకొనజూతురు. అది న్యాయము కాదు. ఆ చౌకరొట్టె లేనిచో ఎన్ని కుటుంబములు పస్తుండెడివో తలచుకొనవలెను. రాయితీ ఉన్న చాలునని తృప్తిపడువారికిని ఈ కథ తోడురాదు. 1983లో రెండురూపాయల కిలోబియ్యము వచ్చినప్పటినుండి తెలుగునాట మనమును ఈ పరీక్షలోనే యున్నాము. చౌకబియ్యము చాటుదారిని మరలిపోవుట మనకును క్రొత్త గాదు. కావున మనము అడుగవలసిన ప్రశ్నలు మూడు: పండించువానికి గిట్టినదా? తినువాని చేతికి చేరినదా? ఖర్చెంతయో, తూకమెంతయో ప్రజలకు చెప్పిరా? ఈ మూడింటికిని అవునని చెప్పగల ప్రభుత్వపు రొట్టె చిన్నదైనను ధర్మమైనది. చెప్పలేని ప్రభుత్వము ఎంత చౌకగా పెట్టినను, ఆ ముద్దలో సగము ఎవరో దొంగిలించినదే యగును.