స్లింగ్‌బాక్స్: ఇంటి టీవీని ఊరు దాటించిన పెట్టె

ఇంట్లో కేబుల్ మీదో డిష్ మీదో వచ్చే టీవీని ఆ ఇంటివాళ్లే మరో ఊళ్లోనో మరో దేశంలోనో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా చూసుకోవడానికి వీలు కల్పించిన పరికరం స్లింగ్‌బాక్స్. కాలిఫోర్నియాలోని శాన్ మటేయోలో 2004లో మొదలైన స్లింగ్ మీడియా సంస్థ దీన్ని తయారుచేసింది. 2005 వేసవిలో 250 డాలర్ల ధరతో అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. 2022 నవంబరు 9న సర్వర్లు ఆపేయడంతో అప్పటిదాకా నిక్షేపంగా పనిచేస్తున్న పెట్టెలు కూడా మూలన పడ్డాయి. ఒకచోటి టీవీని ఇలా మరోచోట చూడటాన్ని ప్లేస్ షిఫ్టింగ్ అంటారు. ఆ పని చేసే పరికరాలు ఇంకా కొన్ని వచ్చినా జనం గుర్తుపెట్టుకున్న పేరు మాత్రం ఇదే. పనితనంలో నెగ్గి, కోర్టులో నిలబడి, చివరికి అంగట్లో ఓడిపోయిన సరుకు ఇది.

నేపథ్యం

టీవీ పుట్టాక చాలాకాలం వరకు ప్రేక్షకుడికి రెండు కట్టుబాట్లు ఉండేవి. వచ్చినప్పుడే చూడాలి, ఉన్నచోటే చూడాలి. మొదటిదాన్ని వీసీఆర్ తెంచింది. సోనీ బీటామ్యాక్స్ మీద హాలీవుడ్ స్టూడియోలు వేసిన కేసులో, ఇంట్లో తర్వాత చూసుకోవడానికి కార్యక్రమాన్ని రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరిలో తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు. ఆ ఒక్క ఓటు తేడా మీదే తర్వాతి ఇరవై ముప్పై ఏళ్ల గృహ వినోద వ్యాపారమంతా నడిచింది.

రెండో కట్టుబాటును తెంచే ప్రయత్నం కూడా సోనీయే ముందు మొదలుపెట్టింది. తీగ లేకుండా ఇంట్లో ఏ గదిలోనైనా టీవీ చూసేందుకు 2000లో జపాన్‌లో ఎయిర్‌బోర్డ్ అనే పలకను అమ్మింది. అదే 2004 నాటికి లొకేషన్ ఫ్రీ టీవీగా మారి ఇల్లు దాటింది. బేస్ స్టేషన్ ఇంట్లో ఉంటే, బయట ఇంటర్నెట్ దొరికినచోటల్లా బొమ్మ వచ్చేది. సోనీ వాళ్లది మంచి సరుకే గానీ, తెరతో కలిపి అమ్మడంవల్ల మొదట్లో ధర సామాన్యుడికి అందలేదు. చూసేవాడి దగ్గర కంప్యూటర్ ఎలాగూ ఉంటుంది కదా, మళ్లీ తెర ఎందుకన్న ప్రశ్న స్లింగ్ మీడియా వేసుకుంది.

ఆ ప్రశ్న వెనక బేస్‌బాల్ పిచ్చి ఉంది. బ్లేక్ క్రికోరియన్, జేసన్ క్రికోరియన్ అన్నదమ్ములు. ఇద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు అభిమానులు. 2002లో ఆ జట్టు బేస్‌బాల్ ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. పనిమీద ఊళ్లు తిరుగుతున్న ఈ అన్నదమ్ములకు మ్యాచ్‌లు చూసే దారి లేకపోయింది. ఇంట్లో కేబుల్‌కి డబ్బు కడుతున్నాం, ఇంటర్నెట్‌కి డబ్బు కడుతున్నాం, అయినా మన మ్యాచ్ మనం చూడలేకపోవడమేమిటన్న ఉక్రోషం లోంచి పుట్టింది ఆలోచన. మరో వ్యవస్థాపకుడు భూపేన్ షా. కంపెనీకి బెంగళూరులోనూ ఇంజినీర్ల కార్యాలయం ఉండేది.

అమర్చడం, పనిచేయడం

చూడటానికి బంగారు కడ్డీ ఆకారంలో ఉండే మొదటి స్లింగ్‌బాక్స్‌లో హార్డ్ డిస్క్ లేదు, తెర లేదు, రికార్డింగ్ లేదు. సెట్ టాప్ బాక్సు వెనకనుంచి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు తెచ్చి దీనికి గుచ్చాలి. ఆ వైర్లలో వచ్చే అనలాగ్ బొమ్మను, శబ్దాన్ని ఇది డిజిటల్‌గా మార్చి, కుదించి, ఇంటి రౌటర్ ద్వారా బయటికి పంపుతుంది. ఇంటర్నెట్ వేగం తగ్గితే బొమ్మ నాణ్యతను అప్పటికప్పుడు తగ్గించుకుంటుందే గానీ ఆగిపోదు. ఆ రోజుల్లో వీడియో అంటే గిరగిర తిరిగే చక్రం చూస్తూ కూర్చోవడమే కాబట్టి, ఈ సర్దుబాటు గుణమే దానికి పేరు తెచ్చింది.

తీగలు గుచ్చడం సులువు. చానల్ మార్చడం ఎలా? దానికి ఐఆర్ బ్లాస్టర్ అనే సన్నటి తీగ ఇచ్చారు. దాని కొసను సెట్ టాప్ బాక్సు ముందువైపు, రిమోట్ కిరణం తగిలేచోట అతికించాలి. దూరాన ఉన్న మనిషి కంప్యూటర్ తెరమీది రిమోట్ బొమ్మ నొక్కితే, ఇంట్లో ఈ తీగ అదే కిరణాన్ని పెట్టెమీద ప్రసరిస్తుంది. సెట్ టాప్ బాక్సుకి సంబంధించినంతవరకు ఎదురుగా ఎవరో రిమోట్ నొక్కినట్టే. జిగురు వదిలి కొస జారిపోతే మాత్రం వేల మైళ్ల అవతల ఉన్న మనిషి ఒకే చానల్‌కి కట్టుబడి, ఇంటికి ఫోన్ చేసి ఆ తీగ సరిచేయించుకోవాల్సిందే.

అసలు చిక్కు రౌటర్ దగ్గర వచ్చేది. ఇంటి రౌటర్ లోపలినుంచి బయటికి పోయేవాటిని పోనిస్తుంది, బయటినుంచి పిలవకుండా వచ్చేవాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. కాబట్టి 5001 నంబరు పోర్టుకి వచ్చే పిలుపును స్లింగ్‌బాక్స్‌కి అప్పగించమని రౌటర్‌కి చెప్పాలి. కొన్ని రౌటర్లతో పెట్టె తనంతట తానే మాట్లాడుకునేది. మిగతావాటిలో మనిషి కూర్చుని అంకెలు నింపాలి. ఇంటి ఐపీ చిరునామా తరచూ మారుతుంది కాబట్టి ఒక్కో పెట్టెకూ 32 అక్షరాల ఫైండర్ ఐడీ ఇచ్చారు. ఏ పెట్టె ఇప్పుడు ఏ చిరునామాలో ఉందో కంపెనీ సర్వర్ గుర్తుపెట్టుకుని, చూడబోయే కంప్యూటర్‌కి దారి చూపేది. బొమ్మ ఇంటినుంచి నేరుగా మనిషికి వెళ్లేది, దారి మాత్రం కంపెనీ చెప్పాలి. ఈ చిన్న మెలికే పదిహేడేళ్ల తర్వాత పెట్టె ప్రాణం తీసింది. ఆ మాటకు తర్వాత వద్దాం.

ఒకసారి ఒక్కరే చూడాలన్నది మొదటినుంచీ ఉన్న నియమం. పైగా ఇంట్లోవాళ్లు, దూరానున్నవాళ్లు పంచుకునేది ఒకే సెట్ టాప్ బాక్సు అయితే ఒకరు మార్చిన చానలే రెండోవారికీ వస్తుంది. ఇంట్లో అమ్మ సీరియల్ చూస్తుండగా చికాగోలోని కొడుకు క్రికెట్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే చాలామంది దీనికోసం విడిగా రెండో కనెక్షన్ తీసుకునేవారు.

తెలుగు ఇళ్లలో

అమెరికాలో ఉండి సొంతూరి చానళ్లు చూడాలనుకునే ప్రవాసులకు ఇలాంటి పెట్టె ఆశ పుట్టించింది. హైదరాబాదులో రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చే కార్యక్రమం వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం పదకొండుకి, అదే క్షణాన చూడొచ్చు. కానీ ఈ ఏర్పాటులో బరువంతా పంపే ఇంటిమీదే పడుతుంది. చూసేవాడికి ఎంత వేగం ఉన్నా, ఇంటి అప్‌లోడ్ వేగం చాలకపోతే బొమ్మ ముక్కలవుతుంది. స్లింగ్‌బాక్స్‌కి కనీసం 256 కిలోబిట్ల అప్‌లోడ్ కావాలి. మన 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం డౌన్‌లోడే 256 కిలోబిట్లు ఉంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చంది. టెలిఫోన్ తీగమీద వచ్చే ఏడీఎస్‌ఎల్‌లో అప్‌లోడ్ డౌన్‌లోడ్‌కన్నా తక్కువే ఉంటుంది. నెలకు ఇంత డేటా అన్న పరిమితి సరేసరి.

ఇంకో అడ్డు టీవీ ప్రమాణం. అమెరికాలో కొన్న తొలి స్లింగ్‌బాక్స్‌లోని ట్యూనర్ అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి చేసింది, మనది పాల్. కేబుల్ తీగను నేరుగా గుచ్చితే చానళ్లు దొరకవు, మధ్యలో సెట్ టాప్ బాక్సు ఉండాలి. 2013లో కేబుల్ డిజిటలీకరణ రెండో దశ హైదరాబాదు, విశాఖపట్నాలకు వచ్చేదాకా చాలా కేబుల్ ఇళ్లలో ఆ బాక్సే లేదు. ఇన్ని దాటి పెట్టినా, కరెంటు పోయి వచ్చాక సెట్ టాప్ బాక్సు నిద్రావస్థలో ఉండిపోతే మళ్లీ లేపాలి.

ఈ లోపు వేరే దారి తెరుచుకుంది. ఉదయ్ రెడ్డి 2006లో స్థాపించిన యప్ టీవీ, చానళ్లతోనే ఒప్పందం చేసుకుని తెలుగు సహా భారతీయ చానళ్లను ఇంటర్నెట్‌లో అందించడం మొదలుపెట్టింది. పుట్టింటి గోడమీద పెట్టె, అమ్మానాన్నలకు రౌటర్ పాఠాలు అక్కర్లేని మార్గం ఇది. ప్రవాసుల్లో ఎక్కువమంది అటే వెళ్లారు, అందులో ఆశ్చర్యం లేదు.

చట్టం ముందు

డబ్బు కట్టినవాడు తన టీవీని తాను చూసుకుంటే ఎవరికి నష్టం? నష్టమేనన్నారు ప్రసార హక్కుల యజమానులు. అమెరికా బేస్‌బాల్ లీగ్ హక్కులను ఊళ్లవారీగా అమ్ముతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చానల్‌ని న్యూయార్క్‌లో చూస్తే ఆ సరిహద్దు చెరిగిపోతుందని లీగ్ అభ్యంతరం చెప్పింది. అయినా స్లింగ్ మీడియా మీద పెద్ద దావా ఏదీ పడలేదు. ఒక పెట్టె, ఒక చూపరి అన్న నియమం దాన్ని కాపాడిందని చెప్పాలి.

ఫోన్ కంపెనీల సంగతి వేరు. బ్రిటన్‌లో త్రీ సంస్థ 2006లో ఎక్స్ సిరీస్ పేరుతో స్లింగ్‌బాక్స్‌ని తన ఫోన్లకు ఆకర్షణగా చూపించుకుంది. అమెరికాలో ఏటీ అండ్ టీ మాత్రం 2009లో ఐఫోన్ యాప్ వచ్చినప్పుడు తన 3జీ మీద నడవనివ్వలేదు, వైఫై ఉంటేనే చూడాలంది. 2010 ఫిబ్రవరిలో గానీ దిగిరాలేదు.

గొడవ ముదిరింది స్లింగ్‌ని ఉపగ్రహ టీవీ సంస్థ ఎకోస్టార్ 2007లో 38 కోట్ల డాలర్లకు కొన్న తర్వాత. దాని సోదర సంస్థ డిష్ నెట్‌వర్క్ హాపర్ అనే సెట్ టాప్ బాక్సు లోపలే స్లింగ్‌ని పెట్టేసింది. 2013 జనవరిలో లాస్‌వేగస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో సాంకేతిక వార్తల వెబ్‌సైట్ సీనెట్ విలేకరులు దీన్ని ఉత్తమ వస్తువుగా ఎంచుకున్నారు. సీనెట్ యజమాని టీవీ ప్రసార సంస్థ సీబీఎస్. ప్రకటనలను దాటవేసే హాపర్ సౌకర్యం మీద డిష్‌తో అప్పటికే సీబీఎస్ కోర్టులో ఉంది. అవార్డు ఇవ్వొద్దని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. విషయం బయటపడి ఒక విలేకరి రాజీనామా చేశాడు. ప్రదర్శన నిర్వాహకులు సీనెట్‌తో తెగతెంపులు చేసుకుని హాపర్‌ను కూడా విజేతగా ప్రకటించారు. ఏ ప్రకటనకూ రాని ప్రచారం ఈ అడ్డగింపుతో డిష్‌కు ఉచితంగా వచ్చింది.

పెట్టె ఎవరిచోట ఉందన్నదే చివరికి తేల్చిన ప్రశ్న. జపాన్‌లో మానేకీ టీవీ అనే సేవ ఉండేది. చందాదారులు సొంత సోనీ లొకేషన్ ఫ్రీ పెట్టెను కొని ఆ కంపెనీ కార్యాలయంలో ఉంచేవారు, యాంటెన్నా తగిలించి నడిపేది కంపెనీ. పెట్టె చందాదారుడిదే అయినా ప్రసారం చేస్తున్నది కంపెనీయేనని జపాన్ సుప్రీంకోర్టు 2011 జనవరిలో తేల్చింది. అమెరికాలో ఏరియో అనే సంస్థ ఒక్కో చందాదారుడికి ఒక్కో బుల్లి యాంటెన్నా చొప్పున తన భవనంలో వరసగా పెట్టింది. 2014 జూన్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురుగా విడిపోయి దాన్ని తప్పుపట్టింది. ఇదే తీర్పును డిష్ మీదికి తిప్పాలని టీవీ ప్రసార సంస్థ ఫాక్స్ చూసింది గానీ, కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయమూర్తి డాలీ గీ 2015 జనవరిలో ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. తన ఇంట్లోని పెట్టెనుంచి తనకే పంపుకుంటున్నది చందాదారుడు కాబట్టి అది బహిరంగ ప్రదర్శన కిందికి రాదన్నారు.

క్షీణత

కోర్టులో నెగ్గేనాటికే పెట్టెలో జీవం తగ్గింది. బ్లేక్ క్రికోరియన్ 2009లో కంపెనీ విడిచి వెళ్లాడు. 2016లో 48 ఏళ్లకే చనిపోయాడు. 2012లో 350, 500 అనే రెండు నమూనాలు, 2014లో ఎం1 వచ్చాయి. బొమ్మ మెరుగైంది. కానీ అప్పటికి టీవీలన్నీ హెచ్‌డీఎంఐ తీగలకు మారాయి. ఆ తీగలోంచి వచ్చే బొమ్మకు నకలు తీయకుండా తాళం ఉంటుంది. 500 నమూనాకు హెచ్‌డీఎంఐ రంధ్రమైతే పెట్టారు గానీ తాళం ఉన్న బొమ్మను అది పంపలేదు. పాత రంగురంగుల వైర్ల మీదే ఆధారపడాలి, కొత్త సెట్ టాప్ బాక్సుల్లోనేమో ఆ రంధ్రాలు తగ్గుతూ వచ్చాయి. 2015లో యాప్‌లో ప్రకటనలు చొప్పించడం మిగిలిన అభిమానులను కూడా నొప్పించింది. డబ్బు పెట్టి కొన్న పెట్టెలో, డబ్బు కట్టే కేబుల్ మీద, మళ్లీ మరొకరి ప్రకటనలా అని వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు.

ప్రసార సంస్థలు తామే యాప్‌లు పెట్టాక పెట్టె అవసరం మరీ సన్నగిల్లింది. డిష్ కూడా 2015లో ఇంటర్నెట్ చానళ్ల చందా సేవను ప్రారంభించి దానికి స్లింగ్ టీవీ అని పేరుపెట్టింది. అమెరికాలో తెలుగు చానళ్లను కూడా ఆ పేరుతోనే అమ్మింది. పేరును కొత్త వ్యాపారం తీసుకుంది, పెట్టె పాతబడింది.

2020 నవంబరు 9న స్లింగ్‌బాక్స్ వ్యాపారాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, సరిగ్గా రెండేళ్ల గడువు ఇచ్చారు. గడువు తీరాక సర్వర్లు ఆగిపోయి, యాప్‌లలో లాగిన్ కుదరక పెట్టెకు దారి తెలియకుండా పోయింది. వైర్లు అవే, రౌటర్ అదే, పెట్టెలో లోపం లేదు. కొందరు ఔత్సాహికులు పెట్టె మాట్లాడే భాషను విడమరచి, కంపెనీ సర్వర్ లేకుండా ఇంట్లోని చిన్న కంప్యూటర్ ద్వారా నడిపే స్లింగర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. కంపెనీ స్వయంగా చేయగలిగీ చేయని పని అది.

తర్వాత

అమెరికాలో ఇప్పుడు ఇదే అవసరాన్ని హెచ్‌డీ హోమ్‌రన్ వంటి నెట్‌వర్క్ ట్యూనర్లు, ప్లెక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లు కలిసి తీరుస్తున్నాయి. యాంటెన్నాతో ఉచితంగా దొరికే స్థానిక చానళ్లు అక్కడ చాలా ఉండటంవల్ల ఇది కుదురుతుంది. మన దేశంలో భూతల ప్రసారం దూరదర్శన్‌కే పరిమితం కాబట్టి ఆ ట్యూనర్లతో మనకు ఒరిగేది తక్కువ. ప్లెక్స్ కూడా 2025 ఏప్రిల్ నుంచి, ఇంటి బయటినుంచి సొంత వీడియోలు చూడటానికి చందా అడుగుతోంది. ఇలాంటి పరికరం ఏది కొన్నా, కంపెనీ ఖాతాతో సంబంధం లేకుండా పనిచేస్తుందో లేదో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి.