కీళ్ళవాతపు మందు కోవిడ్‌కు ఎలా వచ్చింది?



2021 మే నెలాఖరున ధర్మపురి నుండి ఒక పరిచయస్థుడు నాకు ఫోను చేశాడు. ఆక్సిజన్ మీదున్న అతని తండ్రికి వైద్యులు బారిసిటినిబ్ మాత్రలు రాశారు. "సార్, ఇది కీళ్ళవాతం మందని మెడికల్ షాపాయన అంటుండు. పొరపాటున రాసిన్రా?" అని అతని భయం. పొరపాటు కాదని ధైర్యం చెప్పాను. ఆ మాత్ర వెనుక ఒక చరిత్ర ఉన్నది.

వైరస్‌కు సొంత సామగ్రి బహు స్వల్పం. మన కణాలలోని ప్రోటీన్లను వాడుకొని అది వృద్ధి చెందుతుంది. కరోనా వైరస్ ఏసీఈ-2 అనే మన ప్రోటీన్‌ను పట్టుకొనియే కణంలోనికి ప్రవేశిస్తుంది. నేరుగా తనపై పనిచేసే మందుకు వైరస్ రూపు మార్చుకొని లొంగకుండా పోగలదు. ఫ్లూ చికిత్సలో అమాంటడిన్ అలాగే నిరుపయోగమైంది. మన ప్రోటీన్లు అంత త్వరగా మారవు. కనుక వాటినే అదుపు చేయాలన్న ఆలోచన బలపడింది.

బారిసిటినిబ్ మన కణాలలోని జేఏకే ప్రోటీన్లను అడ్డుకొని, కీళ్ళవాతంలో హద్దు మీరిన రోగనిరోధక వ్యవస్థను శాంతింపజేస్తుంది. వైరస్ కణంలోనికి చొరబడడాన్ని కూడా ఇది తగ్గించవచ్చునని 2020 ఫిబ్రవరిలో లండన్‌లోని బెనెవొలెంట్ ఏఐ సంస్థ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. 2021 మే ఆరంభంలో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా దీనికి అత్యవసర అనుమతి పొందింది. పేటెంటు అడ్డంకి ఉండడంతో నిర్బంధ లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. అదే నెలలో అమెరికా కంపెనీ ఎలై లిల్లీ స్వచ్ఛందంగా లైసెన్సు ఇచ్చింది. 2022లో బ్రిటన్‌లోని రికవరీ అధ్యయనం, ఆసుపత్రిలో చేరిన ఎనిమిది వేలకు పైగా రోగులను పరిశీలించి, ఈ మందు వలన మరణాలు సుమారు 13 శాతం తగ్గాయని తేల్చింది.

తండ్రి కోలుకొని ఇల్లు చేరిన తరువాత అతడు మళ్ళీ ఫోను చేశాడు. మిగిలిన మాత్రలు ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే వేయవచ్చునా అని అడిగాడు. వద్దని గట్టిగా చెప్పాను.

మన ప్రోటీన్‌ను అణచడమంటే మన రక్షణను కొంత అణచడమే. డెక్సామెథసోన్ చరిత్ర ఇదే చెబుతుంది. 2020 జూన్‌లో అదే రికవరీ అధ్యయనంలో, వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను అది మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు చేయలేదు. అయినా జ్వరం వచ్చిన తొలిరోజే దానిని మింగినవారు మన పల్లెల్లో ఉన్నారు. స్టెరాయిడ్ల వలన షుగరు పెరిగి, నిరోధకశక్తి తగ్గినవారిలో కొందరిని నల్ల ఫంగస్ పట్టుకొన్నది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది.

ఒకే మందు ఒక దశలో ప్రాణం నిలుపుతుంది, మరో దశలో హాని చేస్తుంది. ఆ దశ ఏదో రోగిని పరీక్షించిన వైద్యుడే నిర్ణయించాలి. మిగిలిన మాత్రలను ఇంట్లో దాచుకోకండి.