మే ఎండల్లో చెరువు చేప

మే వచ్చేసరికి తెలంగాణలో చాలా చెరువులు అడుగంటుతాయి. గోదావరిలోనూ నీటిపాయలు సన్నబడి చేపలు మడుగుల్లోకి చేరతాయి. అందుకే ఈ రోజుల్లో బొచ్చె, రవ్వ వలకు తేలిగ్గా చిక్కుతాయి. కానీ వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. అప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, ఒక్కోసారి గుంపులుగా చచ్చిపోతాయి. కొర్రమీను మాత్రం గాలి పీల్చుకుని బురదలోనూ బతుకుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే మరి.

చచ్చిన చేప చవగ్గా అమ్మకానికొస్తే జాగ్రత్త. చేపకు జబహ్ అక్కర్లేదు గానీ, తనంతట తానే చచ్చి వెల్లకిలా తేలినదాన్ని హనఫీ మజ్హబ్‌లో తినరు. నీటి వేడికి చచ్చినదాని సంగతి ఉలమాను అడగాలి. ఎలాగూ మొప్పలు ఎర్రగా లేకపోతే, వాసన వస్తుంటే కొనొద్దు. జూన్ మొదట్లో మృగశిర కార్తె రద్దీలో ఇవేవీ చూసే తీరిక ఎవరికీ ఉండదు.