సాము విద్యకు చరిత్ర వెదకిన వకీలు

మన పల్లెలలోని గరిడీలో కర్రసాము చేయు పెద్దవానిని "ఈ విద్య మీకెట్లు వచ్చినది?" అని అడిగినచో, "మా గురువుగారు చెప్పినారు, వారికి వారి గురువుగారు చెప్పినారు" అని సమాధానము వచ్చును. రెండు మూడు తరములు వెనుకకు పోవునప్పటికి పేర్లు మాసిపోవును. అటుపైన భీమసేనుడో, ఆంజనేయస్వామియో ప్రత్యక్షమగుదురు. ఇది మన దేశమునకే చెల్లిన వాడుక కాదు. చీనాదేశమునందును సాము విద్యలు ఒక సన్న్యాసి పేరనో, ఒక సిద్ధుని పేరనో చెలామణి అగుచు వచ్చినవి. ఆ పరంపరలను పత్రముల సాక్ష్యముతో పరీక్షించిన తొలి పండితులలో అగ్రగణ్యులు తాంగ్ హావ్. ఆయన చేసిన పనిని కొంచెము విచారింతము.

తాంగ్ హావ్ 1897లో జియాంగ్సూ రాష్ట్రమున ఒక పేద కుటుంబమున జన్మించిరి. షాంఘై నగరము చేరి, లియూ జెన్నాన్ అను గురువు కడ ముష్టియుద్ధ విద్య నేర్చిరి. పిమ్మట జపానుకు పోయి న్యాయశాస్త్రము చదివిరి. వృత్తిచే ఆయన వకీలు. సాము తెలిసినవాడు వకీలైనచో ఏమగును? గురువు చెప్పిన మాటకు సైతము సాక్ష్యమెక్కడ అని అడుగును. ఆయన జీవితమంతయు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది.

1928లో నాన్‌జింగ్ నగరమున జాతీయ వీరవిద్యల సంస్థ ఏర్పడినది. పరదేశీయుల ఒత్తిడికి లోనై బలహీనపడిన జాతికి దేహబలము చేకూర్చవలెనని నాటి ప్రభుత్వము తలంచినది. సంస్థలో మొదట రెండు శాఖలుండెను: షావోలిన్ శాఖ, వూదాంగ్ శాఖ. మొదటివారు తమ విద్యకు బోధిధర్ముడు మూలపురుషుడనిరి. రెండవవారు జాంగ్ సన్‌ఫెంగ్ అను సిద్ధుడనిరి. ఇరువాగులకు పోరు ముదిరి, శాఖాధిపతులే బరిలోనికి దిగినారు. తుదకు ఆ విభజననే రద్దు చేయవలసి వచ్చినది. అదే సంస్థలో గ్రంథ పరిశీలన చేయుచుండిన తాంగ్ హావ్, ఇంత కలహమునకు మూలమైన కథలలో నిజమెంత యని వెదకనారంభించిరి. 1930లో షావోలిన్, వూదాంగ్ సంప్రదాయములను పరిశీలించుచు గ్రంథము ప్రకటించిరి.

బోధిధర్ముని గూర్చి లభించు ప్రాచీనమైన ప్రస్తావన 547 ప్రాంతమున యాంగ్ షువాన్‌జీ వ్రాసిన లోయాంగ్ ఆలయముల వర్ణనలోనిది. అందాయన పారసీక దేశీయుడు. మరియొక ప్రాచీన రచనలో ఆయన దక్షిణ భారతమున ఒక రాజునకు మూడవ కుమారుడు. రెండింటను ముష్టియుద్ధపు ఊసు లేదు. 621లో షావోలిన్ భిక్షువులు తాంగ్ వంశమువారి పక్షమున యుద్ధము చేసిన మాట నిజము. 728 నాటి శిలాశాసనమే సాక్షి. కాని బోధిధర్ముడు వారికి సాము నేర్పెనని ఆ శాసనము చెప్పదు. మరి ఈ కథ ఎక్కడ పుట్టినది? ఆయన పేర వెలసిన ఒక వ్యాయామ గ్రంథమునకు 1624 నాటి వెనుకమాట యున్నది. దాని పీఠిక ఏడవ శతాబ్దపు సేనాని వ్రాసినట్లుండును. కాని అందొక కల్పితకథలోని వీరుడు నిజమైన మనిషివలె నడచివచ్చును. ఈ లోపములను పదునెనిమిదవ శతాబ్దమున జన్మించిన లింగ్ తింగ్‌కాన్ అను పండితుడు ముందే పట్టుకొనియుండెను. ఇరువదవ శతాబ్దారంభమున ఒక నవలయు, 1915లో వెలువడిన ఒక ముష్టివిద్యా గ్రంథమును ఈ కథను ఇంటింటికి చేర్చినవి.

పుస్తకము వెలువడగానే వస్తాదులు మండిపడిరి. గ్రంథకర్తకు దేహశుద్ధి చేయవలెనని కొందరు సిద్ధపడగా, పెద్దలు అడ్డుపడవలసి వచ్చినది. తాంగ్ హావ్ వెనుదీయలేదు. తైజీ విద్య మూలము వెదకుచు హెనాన్ రాష్ట్రమున చెన్ వంశమువారి గ్రామమునకు పోయి, వారి వంశావళులను చూచి, పదునేడవ శతాబ్దపు చెన్ వాంగ్‌తింగ్ దానికి కర్తయని నిర్ణయించిరి. ఈ నిర్ణయమును తరువాతివారు కొందరు ప్రశ్నించిరి. అది న్యాయమే. సాక్ష్యము అడుగుట నేర్పినవాడు తానును సాక్ష్యమునకు తలవంచవలసినదే గదా!

ఇందు మనకును కొంత బాధ కలదు. బోధిధర్ముడు దాక్షిణాత్యుడనియు, చీనావారికి సాము నేర్పినవాడు మనవాడేననియు చెప్పుకొనుట మనకు ప్రియము. 2011లో తెలుగులోనికి వచ్చిన 'సెవెన్త్ సెన్స్' చలనచిత్రము చూచి మనలో ఛాతీ పొంగనివారెవరు? ఆ పొంగును వదలుకొనుట కష్టమే. అయినను పోయినదంతయు పోలేదు. 495 ప్రాంతమున షావోలిన్ ఆలయమును చక్రవర్తి కట్టించినది బతువో అను భారతీయ భిక్షువు కొఱకని గ్రంథములు చెప్పుచున్నవి. కల్పితమైన గురువును కోల్పోయి, పత్రములందు నిలిచిన భిక్షువును పొందితిమి. ఆయన నేర్పినది ధర్మము, పిడికిలి కాదు.

తాంగ్ హావ్ 1959లో కన్నుమూసిరి. ఆయన వేసిన బాట మూతపడలేదు. 2008లో మేయర్ షహార్ షావోలిన్ చరిత్ర వ్రాయుచు, ఆ భిక్షువులు పదునారవ శతాబ్దమున ప్రసిద్ధులైనది కర్రసాముకనియు, వట్టిచేతుల పోరు తరువాత వృద్ధియైనదనియు నిరూపించిరి. 2015లో వేల్సు దేశపు కార్డిఫ్ విశ్వవిద్యాలయము నుండి ఈ విద్యల పరిశోధనకే ఒక పత్రిక వెలువడనారంభించినది. ఒకనాడు తన్నులు తినవలసి వచ్చిన ప్రశ్న, ఇప్పుడు విద్యాపీఠమున పాఠమైనది.

మన గరిడీలకును, తాలింఖానాలకును అట్టి చరిత్రకారుడు కావలెను. ముసలి వస్తాదు చెప్పు మాటను గౌరవముతో వినవలెను, వ్రాసికొనవలెను. పిమ్మట సాక్ష్యము వెదకవలెను. గురువునకు నమస్కరించుటయు, ఆయన చెప్పిన కథను పరీక్షించుటయు ఒకదానికొకటి విరుద్ధములు కావు. తాంగ్ హావ్ తుదివరకు రెండును చేసిరి.